లెయిడా ఆంటీ చెప్పింది, నువ్వు రాసింది

పిన్నీ,

బాగున్నావా అని మొదలుపెట్టడం అలవాటు. ఇప్పుడు అలా అడిగితే ఏమంటావో... నువ్వు వెళ్ళిపోయి పదకొండు నెలలైంది.

ముందు ఒక ఫిర్యాదు. మనవాళ్ళంతా కలిసి నాకో జబ్బు ఖాయం చేశారు. అమ్మ ఖమ్మం నుంచి రోజూ ఫోన్ చేసి అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావా అని వరసగా అడుగుతోంది. మూడో ప్రశ్నకి అవునన్నాను. నిజమే కదా, అర్థం కాని మాటలు గంటలకొద్దీ పైకి చదువుతున్నాను. దాంతో ఇంకా బెంగపెట్టుకుంది. దాని పిన్నికి పట్టిందే దీనికీ పట్టింది అని బాబాయికి చెప్పిందట. బాబాయి నాకు కౌన్సిలర్ల లిస్టు పంపించాడు. ఎక్సెల్ షీట్‌లో. ఎవరు ఇన్సూరెన్స్‌లో కవరవుతారో, ఇంటి నుంచి ఎన్ని మైళ్ళో కూడా వేసి.

నీకేం పట్టిందో నీకు తెలీదు కదూ? నీకు పిచ్చి పట్టిందని తేల్చారు పిన్నీ. నువ్వు పోయాక.

ఎలా జరిగిందో చెప్తాను. అక్టోబర్‌లో బాబాయి నీ క్లోజెట్ సర్దాడు. చీరలు అమ్మకని ఒక సూట్‌కేస్‌లో పెట్టాడు. కింద, చలికోట్ల వెనకాల, పదకొండు నోటుబుక్కులు దొరికాయి. పిల్లలు స్కూలుకి తీసుకెళ్ళే నలుపూ తెలుపూ మచ్చల అట్టవి. తెరిచి చూస్తే నీ గుండ్రటి తెలుగు అక్షరాలు. కొట్టివేతలు లేవు, ఒత్తులు దీర్ఘాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఒక్క మాటా తెలుగు కాదు. పేజీలకి పేజీలు... 'యా సీస్ తులిద్ సక్స్లసెద్.' 'యా సీస్ తులిద్ వెనెలసెద్.' కొన్ని అక్షరాల నెత్తిన చిన్న సున్నా కూడా చుట్టావు. అలాంటి గుర్తు మన భాషలో లేదు.

బాబాయి ఫోటోలు తీసి అమ్మకి పంపాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, పాపం వెన్నెల అని కూడా సరిగ్గా రాయలేకపోయింది నా చెల్లెలు అని ఏడ్చింది. అంచుల్లో మాత్రం అక్కడక్కడా అసలైన తెలుగు ఉంది. 'ఇక్కడ ఆగింది. నీళ్ళు ఇచ్చాను.' 'ఏడ్చింది. ఎందుకని అడగలేదు.' అది చూశాక వాళ్ళకి ఇంకే అనుమానమూ మిగల్లేదు. తనని తానే ఎవరో అన్నట్టు రాసుకుందన్నారు. వర్క్ పర్మిట్ లేక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుంది కదా, పిల్లలు కూడా లేరు కదా అన్నారు. 'కదా' అనే మాటతో ఒక మనిషి బతుకంతా ముగించెయ్యొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

టౌన్‌షిప్ వాళ్ళు అప్పుడప్పుడూ శనివారం పూట కాగితాలు తురిమే లారీ తెస్తారు, గుర్తుందా? పాత బ్యాంకు కాగితాలు మోసుకుని అందరూ కార్లలో వరస కడతారు. బాబాయి నీ పదకొండు పుస్తకాలూ పాత టాక్స్ ఫైళ్ళ మీద పెట్టి బయల్దేరాడు. బరువు పట్టడానికి నన్ను రమ్మన్నాడు. నేను ప్యాసింజర్ సీట్లో కూర్చుని ఒకటి తెరిచాను. అంతకుముందు ఫోన్‌లో ఫోటోలే చూశాను, నేను కూడా అయ్యో పాపం అనే అనుకున్నాను... ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రోజు తెరిచిన పేజీ అంచులో ఇలా ఉంది. 'ఈ మాటకి లెయిడా ఆంటీ పడీపడీ నవ్వింది. ఆయన వచ్చే టైమైంది, ఆపేశాం.'

ఏడ్చినదీ నవ్వినదీ నువ్వు కాదు. ఎవరో చెప్తుంటే నువ్వు రాశావు.

అప్పటికి మా ముందు నాలుగు కార్లే ఉన్నాయి. పుస్తకాలున్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఇవి ఇవ్వను బాబాయ్ అన్నాను. బాబాయి వెనక కారు వాళ్ళని అద్దంలో చూసి, సింధూ, వద్దమ్మా, మీ పిన్ని గురించి రేపు ఎవరూ ఆ మాట అనకూడదనే కదా ఈ పని అన్నాడు. కోపంగా కాదు. బతిమాలుతున్నట్టే. నేను దిగి పెట్టె పట్టుకుని ఇంటిదాకా నడిచాను. ఇంట్లోవాళ్ళ లెక్కలో నా జబ్బు అక్కడ మొదలైంది.

లెయిడా ఆంటీ గురించి నువ్వు నాకు చెప్పకపోలేదు. నేను ఎం.ఎస్.కి వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం, చపాతీలు ఒత్తుతూ అన్నావు. "కింద ఫ్లాట్‌లో ఒకావిడ ఉండేది సింధూ. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చునే ఆరుగురు దొరల కింద బతికాను నేను." ఏదో సీరియల్ సంగతనుకుని ఊఁ కొట్టాను. ఫోన్ చూసుకుంటున్నాను కూడా. రెండోసారి అడిగి ఉంటే చెప్పేదానివా?

మొదటి పుస్తకం వెనక అట్ట మీద ఒక నంబరు ఉంది. పక్కన 'టీనా, కూతురు' అని రాశావు. మూడు రోజులు ఆ నంబరు చుట్టూ తిరిగాను. ఏమని చెప్పాలి? మా పిన్ని మీ అమ్మగారి మాటలు ఎవరికీ అర్థం కాకుండా రాసి పెట్టింది అనా? చివరికి ఫోన్ చేసి, పరిచయం కూడా సరిగ్గా చేసుకోకుండా మొదటి పేజీలో మొదటి వాక్యం చదివేశాను. పెట్టేస్తుందనుకున్నాను. ఇంకొకసారి చదువు అంది ఆవిడ.

అది ఎస్టోనియా భాషట పిన్నీ. 'యా సీస్ తులిద్' అంటే 'ఆ తర్వాత వచ్చారు' అని. ఆ తర్వాత జర్మన్లు వచ్చారు. ఆ తర్వాత రష్యన్లు వచ్చారు. వెన్నెల కాదు.

టీనా లేక్‌వుడ్ దగ్గర ఉంటుంది, మన ప్లెయిన్స్‌బరో నుంచి ముప్పావుగంట డ్రైవ్. అరవై దాటింది, వినికిడి మిషన్ పెట్టుకుంటుంది. ప్రతి శనివారం ఆవిడ వంటింట్లో బల్ల ముందు కూర్చుంటాం. చదవగలిగేది నేను, నాకు అర్థం కాదు. అర్థమయ్యేది ఆవిడకి, ఆవిడకి చదవడం రాదు. నేను ఒక వాక్యం చదువుతాను, ఆవిడ నా నోటి వైపే చూస్తూ వింటుంది, పెదాలు కదుపుతూ దాన్ని సరిచేసుకుని ఇంగ్లిష్‌లో నాకు చెప్తుంది. నువ్వు చుట్టిన సున్నా ఏ శబ్దానికో నేర్చుకోవడానికే రెండు శనివారాలు పట్టింది. మా అమ్మ ఇక్కడ ఊపిరి తీసుకునేది అంటుంది ఒక్కోసారి. అక్కడ చూస్తే నువ్వు చిన్న గీత పెట్టి ఉంటావు. ఇంత శ్రద్ధగా నా మాటలు ఎవరైనా విన్నారా ఎప్పుడైనా?

అసలు సంగతి కొంత టీనా చెప్పింది, కొంత నీ అంచుల్లో దొరికింది. ఆ ఏళ్ళలో తను కాలిఫోర్నియాలో ఉండేదట, తల్లితో సరిగ్గా మాటల్లేవట. లెయిడా ఆంటీకి చూపు పోతోంది. రికార్డర్ పెడదామంటే ఒప్పుకునేది కాదట. మిషన్ వింటే ఎవరైనా వినొచ్చు అనేదట. ఆవిడ పెరిగిన చోట గోడలకి కూడా చెవులుండేవి మరి. నువ్వేమో ఇంగ్లిష్‌లో రాసిపెడతానని వెళ్ళావు. ఆవిడ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, ముఖ్యమైన చోటికి వచ్చేసరికి తెలీకుండానే తన భాషలోకి వెళ్ళిపోయింది. నువ్వు ఆపలేదు. విన్నది విన్నట్టు మన అక్షరాల్లో పెట్టావు. దాన్ని చూసి ఆవిడ ఏమందో రెండో పుస్తకం మొదట్లో రాసుకున్నావు. 'మా దేశాన్ని ఏలిన ఒక్క దొరకీ ఈ రాత చదవడం రాదు, ఇందులోనే రాయి అంది.'

ఇంట్లో ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఉద్యోగం చెయ్యకూడని హెచ్-ఫోర్ వీసా మీద ఉండి ఎవరి దగ్గరో కూర్చుని రాసిపెడుతున్నావంటే అది కూడా పనే అంటారని, వీసాకి ఏమైనా అవుతుందని భయం. "ఉచితంగా చేసినా ఇక్కడ పనే అంటారేమో" అని ఇంకేదో సందర్భంలో నాతో అన్నావు. భయపడుతూనే ఏడేళ్ళు మెట్లు దిగావు. బాబాయి ఆఫీస్ నుంచి వచ్చేలోపు మెట్లెక్కావు.

ఆ దేశం కథ ఇప్పుడు నాకు మన జిల్లా కంటే బాగా తెలుసు. ముందు డెన్మార్క్ వాళ్ళు వచ్చారు, వాళ్ళ చేతిలోంచి జర్మన్ యోధులు తీసుకున్నారు. ఆ తర్వాత స్వీడన్ రాజు, ఆ తర్వాత రష్యా జార్. పైన రాజు మారాడు గానీ కింద భూములు మాత్రం వందల ఏళ్ళు ఆ జర్మన్ దొరలవే. రాజు ఏ ఊళ్ళో ఉన్నా కొరడా మా దొర గోడకే వేలాడేది అని లెయిడా ఆంటీ వాళ్ళ నానమ్మ చెప్పేదట. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు సొంత దేశం. లెయిడా ఆంటీ పుట్టింది అప్పుడే. తనకి ఆరేళ్ళప్పుడు రష్యన్లు వచ్చి గడియారాలు మాస్కో టైమ్‌కి మార్పించారు. ఏడాదికి జర్మన్లు వచ్చి బెర్లిన్ టైమ్‌కి మార్పించారు. మూడేళ్ళకి మళ్ళీ మాస్కో. ఆవులకి మాత్రం ఎవరూ చెప్పలేదు, అవి పాత టైమ్‌కే పాలిచ్చాయట. నువ్వు రాసిన 'పడీపడీ నవ్వింది' ఈ మాటకే. బళ్ళో గోడకి మేకు ఒకటే, పటాలే మారాయట.

నాలుగో పుస్తకం దాకా ఇలాగే ఉంది. నవ్వుకుంటూ చదివాం. కథ అక్కడ మారింది.

లెయిడా ఆంటీ వాళ్ళ నాన్న ఆ ఊరి గుమాస్తా. టీనా హాల్లో ఆయన ఫోటో ఉంది, పక్కన ఎండిన గడ్డిపూలు. రష్యన్లు సైబీరియా పంపితే అక్కడే పోయాడు. ఆ ఇంట్లో ఆయన దేవుడితో సమానం. నేను ఆ రోజు మామూలుగానే చదువుతున్నాను, అర్థం తెలీదు కదా. 'ఇస కిర్యుతస్ నిమెద్' అన్నాను. టీనా పెదాలు కదపడం ఆపింది. మళ్ళీ చదివించింది. నాన్న పేర్లు రాశాడు అని అర్థం. ఎవరెవరిని సైబీరియా రైలెక్కించాలో చెప్పే జాబితా, మొదటిసారి రష్యన్లు వచ్చినప్పుడు. తర్వాత జర్మన్లు వచ్చి, ఆ రష్యన్లతో చేతులు కలిపిన వాళ్ళెవరో రాయమన్నారు. అదీ ఆయనే రాశాడు. బల్ల అదే, సిరా అదే. రష్యన్లు రెండోసారి వచ్చేసరికి ఇంకెవరో రాసిన జాబితాలో ఈయన పేరుంది. భార్యనీ కూతుర్నీ స్వీడన్ పోయే పడవ ఎక్కించి, తర్వాతి పడవలో వస్తానన్నాడట.

మొదటి జాబితా రాస్తున్నప్పుడు తడి ఆరడానికి బ్లాటింగ్ పేపర్ నొక్కింది లెయిడా ఆంటీయే. ఏడేళ్ళ పిల్ల. తన బెంచీలో కూర్చునే అమ్మాయి ఇంటిపేరు చదివిందట. ఆటలా నొక్కిందట.

ఆ పేజీ అంచులో నువ్వు, 'మా తాత కూడా కరణమే. నైజాం కాగితమైనా, తర్వాతి వాళ్ళ కాగితమైనా ఆయనే రాసుంటాడు. ఎవరి పేర్లు?' అని రాశావు. మన ఇంట్లో నువ్వు ఈ మాట ఎవరినైనా అడిగావా పిన్నీ? ఏమన్నారు?

టీనా ఆ రోజు పుస్తకం మూసేసింది. ఇంక వద్దంది. అన్నీ ఒక పెట్టెలో పెట్టి సీలు వేసేద్దాం, మా పిల్లలకి ఇది అక్కర్లేదు అంది. బాబాయి అన్న మాటే వేరే భాషలో విన్నాను. కారులో కూర్చుని స్టార్ట్ చెయ్యలేకపోయాను. ఇవి ఆవిడ తల్లి మాటలు, వద్దనే హక్కు ఆవిడకి ఉంది. మరి నీ ఏడేళ్ళో? అవి ఎవరివి?

మూడు శనివారాలు వెళ్ళలేదు. ఇంట్లో కాలు నిలవలేదు. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ఏం కొనాలో మర్చిపోయి వచ్చేదాన్ని. నాలుగో పుస్తకం అంచులన్నీ మళ్ళీ మొదటి నుంచీ చదివాను. అంచులు టీనాకి ఎప్పుడూ వినిపించలేదు నేను, అవి నీవి అనుకుని. ఆ పేజీ వెనక, కింద, పెన్సిల్‌తో ఉంది. 'ఇది టీనాకి చెప్పాలి, నా నోటితో రాదు, నువ్వు చెప్పు అంది. సరేనన్నాను.'

సరేనన్నావు. తర్వాత ఆవిడ పోయింది, టీనా వచ్చి ఫ్లాట్ ఖాళీ చేసింది. నువ్వు మెట్ల మీద నిలబడి చూస్తూ ఊరుకున్నావని నాకు అనిపిస్తోంది. నంబరు మాత్రం అట్ట మీద ఉంచుకున్నావు. ఎందుకు చెయ్యలేదు? భయమా? మాట ఇచ్చినంత తేలిగ్గా చెప్పడం రాలేదా? నిన్ను తప్పుపట్టడం లేదు... కొంచెం పడుతున్నాను.

ఆ రెండు వాక్యాలూ ఇంగ్లిష్‌లో రాసి టీనాకి పంపాను. ఇంకేమీ రాయలేదు. నాలుగో రోజు ఫోన్ చేసింది. అమ్మ నాకు చెప్పమందా, నిజంగా నా పేరే చెప్పిందా అని రెండుసార్లు అడిగింది. శనివారం రా అంది. ఫోటో తీసెయ్యలేదు, అక్కడే ఉంది. దాని ఎదురుగానే కూర్చుని చదువుతున్నాం.

బాబాయికి కూడా చెప్పాను పిన్నీ. పుస్తకాలు పట్టుకెళ్ళి సోఫాలో పక్కన కూర్చుని అంచులన్నీ వరసగా చదివాను. విన్నాడు. నా గురించి ఏమైనా రాసిందా అని అడిగాడు. 'ఆయన వచ్చే టైమైంది, ఆపేశాం' అన్నది చూపించాను. ఎన్నిసార్లుందో వేలితో వెతుక్కుంటూ వెళ్ళాడు. నేను వచ్చేసరికి టీ పెట్టి ఉండేదమ్మా, ఒక్కరోజు కూడా తప్పలేదు అన్నాడు. ఆ తర్వాత పుస్తకాలు తన దగ్గరే ఉంచమన్నాడు. ఈసారి దాచుకోవడానికి. ఆ గొంతు విని ఇచ్చేద్దామనిపించింది.

అమ్మ సగం నమ్మింది. నీకు పిచ్చి లేదని తేలినందుకు గుడికి వెళ్ళొచ్చింది. మిగతా సగం ఇది: ఎవరో తెల్లావిడ వాళ్ళ ఇంటి గొడవ, దానికోసం నువ్వు ఉద్యోగం పోగొట్టుకుంటావా?

అవును, ఉద్యోగం సంగతి చెప్పలేదు. ఇక్కడి ప్రాజెక్ట్ అయిపోయింది. కన్సల్టెన్సీ వాళ్ళు నన్ను మిషిగన్‌లో, నోవైలో, కార్ల కంపెనీ ప్రాజెక్ట్‌కి వేస్తామంటున్నారు. వారానికి ఐదు రోజులూ ఆఫీస్‌కి రావాలి, సోమవారం జాయినింగ్. వెళ్ళకపోతే తీసేస్తారు. తీసేస్తే హెచ్-వన్ వీసా మీద ఇక్కడ ఉండనిచ్చేది అరవై రోజులు. అప్పుడప్పుడూ ఫోన్‌లో చదవొచ్చుగా అంటాడు బాబాయి. చేసి చూశాం. ఫోన్‌లోనూ వీడియోలోనూ మాటల చివర్లు ఆవిడ చెవికి అందవు, ఎదురుగా నా నోరు కనిపిస్తే గానీ పట్టుకోలేదు. రికార్డు చేసి పంపితే, సున్నా చుట్టిన చోటల్లా నేను తప్పు పలికి ముందుకెళ్ళిపోతాను, ఆపేవాళ్ళుండరు. నేర్చుకుని ఎప్పుడో చదువుదువుగాని అంటుంది అమ్మ. టీనాకి అరవై ఏడు. గట్టిగా నడిస్తే ఆయాసం వస్తోంది.

నిన్న ఐదో పుస్తకం మొదలుపెట్టాం. పడవ కథ. ఇంజిన్ ఆగిపోయింది, తీరం ఇంకా కనిపిస్తోంది, వాళ్ళమ్మ లెయిడా నోరు మూసి పట్టుకుంది. అక్కడ ఆపి ఇంటికొచ్చాను. వాళ్ళు ఒడ్డుకి చేరారని తెలుసు, చేరకపోతే నీకు చెప్పేదెవరు? అయినా కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

నోవైకి రానని ఈ ఉదయం మెయిల్ పెట్టాను. పుస్తకాలు బాబాయికి ఇవ్వడం లేదు. రేపటి నుంచి రోజూ లేక్‌వుడ్ వెళ్తాను. ఏడు పుస్తకాలున్నాయి, అరవై రోజులున్నాయి, చివరి పేజీ దాకా చదువుతాను.

సింధు